అపహాసకుల ప్రశ్న

పఠింపవలసిన భాగములు: కీర్తనలు 42, 43, రాజులు రెండవ గ్రంథము 18, 19 అధ్యాయములు, మత్తయి 27:39–46



ఈ నెల పాఠము హైదరాబాదులోని తార్నాకలో ఒక చిన్న గదిలో పుట్టినది. ఆ ప్రాంతము చూడని మన గ్రామ సంఘస్థులకొరకు దానిని గూర్చి రెండు మాటలు చెప్పి ముందుకు పోయెదను. సికింద్రాబాదునుండి మెట్టుగూడ మీదుగా ఉప్పల్ వైపు పోవు పెద్ద బాటలో తార్నాక కూడలి యున్నది. 2017వ సంవత్సరమునుండి ఆ బాట పైగా మెట్రో రైలు నడచుచున్నది. కూడలినుండి ఒక ప్రక్కకు మరలినచో ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణము వచ్చును. 1917లో నిజాము ఫర్మానాచేత ఏర్పడిన ఆ విద్యాలయమునకు మన పల్లెల బిడ్డలు ఏటేట వచ్చుచున్నారు. వసతిగృహములో చోటు దొరకనివారు తార్నాక, హబ్సిగూడ సందులలో నలుగురైదుగురు కలిసి ఒక గది అద్దెకు తీసికొని, వంతులు వేసికొని వండుకొని, చదువుకొందురు. అట్టివారిలో కొందరు ఆదివారము సాయంకాలమున మా యింట కూడి వాక్యము చదువుదురు. వచ్చువారు ఎనిమిదిమందికి మించరు. చాప, లాంతరు నాటి కూటములవంటిదే, లాంతరుకు బదులు విద్యుద్దీపము, అంతే.

2024 ఏప్రిల్ నెలలో ఒక ఆదివారము వారిలో ఒక యౌవనస్థుడు వచ్చి, పాట పాడక, బైబిలు తెరవక, గోడకు ఆనుకొని కూర్చుండెను. అతనిది మెదక్ జిల్లాలో ఒక పల్లె. కూటము ముగిసి అందరును పోయిన తరువాత అతడు తన యింటి సంగతి చెప్పెను.

అతని తండ్రికి మూడు ఎకరముల భూమి యున్నది. ఆ యేడు వరి పాలు పోసికొను వేళకు పాత బోరు ఆగిపోయినది. పొరుగువారు కొబ్బరికాయ అరచేత పట్టి నీళ్లజాడ చూచువానిని పిలువుమనిరి. తండ్రి విశ్వాసి గనుక ఒప్పుకొనలేదు. అప్పు తెచ్చి బోరు బండిని పిలిపించి, సంఘకాపరిని, ఆరు కుటుంబములవారిని వెంటబెట్టుకొని పొలమునకు పోయెను. అందరును మోకాళ్లూని ప్రార్థించిరి. అంతవరకు బాగుగనే యున్నది. అటుపిమ్మట ఆయన లేచి, గట్టుమీద నిలుచున్న ఊరివారిని చూచి, "మా దేవుడు నీళ్లిచ్చును, మీరే చూతురు" అని చెప్పెను.

బండి 412 అడుగులు దింపినది. చుక్క నీరు రాలేదు. తెల్లని రాతిదుమ్ము మేఘమువలె లేచి, ప్రార్థించినవారి తలలమీదను బట్టలమీదను పడినది. గట్టుమీదనుండి ఒకడు, "నీళ్లడిగితే పిండి ఇచ్చిండు మీ దేవుడు!" అని నవ్వెను. ఊరంతయు నవ్వినది. వారము దినములలో వరి ఎండిపోయినది. అప్పు మిగిలినది.

ఆ మాట పల్లెలోనే ఆగలేదు. తార్నాక గదిలో అతనితో కూడ ఉండువారు దేవుడు లేడని చెప్పుకొను యువకులు. చెడ్డవారు కారు, అతని వంతు బియ్యము తక్కువైనప్పుడు తమది పెట్టినవారే. అయినను నోరు ఊరకుండదు గదా. సంగతి విని వారిలో ఒకడు, "మీ తాతలకు గోధుమపిండి ఇచ్చిండు, మీకు రాతిపిండి ఇచ్చిండు. ఏందిరా, మీ దేవుడు గూడ బోర్ల పడ్డడా?" అనెను.

నేను వెంటనే ఏదో జవాబు చెప్పబోతిని. నా యౌవన దినములలో అపహాసకుల నోరు మూయించు జవాబులు పిల్లలకు కంఠతా నేర్పించినవాడను నేను. అయితే అతడు నన్ను ఆపి, "అయ్యగారూ, వాండ్లు నవ్వినందుకు నాకు బాధ లేదు. అయిదు దినములనుండి నేను ప్రార్థన చేయలేదు. వాండ్లు అడిగిన ప్రశ్ననే నేనును అడుగుచున్నాను. అది నాకు భయముగా నున్నది" అనెను.

సహోదరులారా, మన పాఠము ఇక్కడ ఆరంభమగుచున్నది. బయటినుండి వచ్చిన ఎగతాళి మన నోటిలోనికి ప్రవేశించి మన సొంత ప్రశ్నగా మారినప్పుడు ఏమి చేయవలెను? అట్లు మారుటయే విశ్వాసము పోయినదనుటకు గురుతా?

ఆ రాత్రి మేము 42వ కీర్తన తెరచితిమి. మీరును ఇప్పుడు తెరచి చూడుడి. శిరోలేఖనమునుబట్టి ఇది కోరహు కుమారులది, అనగా దేవాలయములో పాడు సేవకుల వంశమువారిది. అయితే పాడుచున్నవాడు దేవాలయములో లేడు. యొర్దాను పుట్టు ఉత్తర దేశములో, హెర్మోను కొండల చాయలో, తనవారికి దూరముగా నున్నాడు. పండుగ సమూహముతో కలిసి దేవుని మందిరమునకు నడచిన దినములు జ్ఞాపకము చేసికొని యేడ్చుచున్నాడు. నీళ్లకొరకు అలమటించు దుప్పితో కీర్తన మొదలగుచున్నది. ఎండిన బోరుగల యింటినుండి వచ్చినవానికి ఆ మొదటి వచనమును వివరింపవలసిన అవసరము లేకపోయెను.

3వ వచనములో అపహాసకులు వచ్చుచున్నారు. దేవుడు ఎక్కడనున్నాడని దినమెల్ల అడుగుచున్నారు. 10వ వచనములో మరల అదే ప్రశ్న. ఈసారి అది ఎముకలలో దిగిన గాయమువలె నున్నదని చెప్పుచున్నాడు. ఈ రెండు వచనములు అందరును ఎరిగినవే. వాటి మధ్యనున్న 9వ వచనము చూడుడి. తన ఆశ్రయదుర్గమైన దేవునితో ఈ భక్తుడే, నన్ను ఎందుకు మరచితివని అడుగుచున్నాడు! శత్రువు అడిగినదానికంటె ఇది చిన్న ప్రశ్న కాదు. ఎక్కడనున్నాడని వారడిగిరి, ఎందుకు మరచితివని ఇతడడిగెను. మాటలు దగ్గరివే. భేదము ఎక్కడనున్నదనగా, అపహాసకుడు దేవునిగూర్చి అడిగెను, భక్తుడు దేవునినే అడిగెను. ఎవరివైపు తిరిగి అడిగెనన్నదే ఆ భేదమంతయు.

ఇంకొక సంగతి. ఈ కీర్తనకు 43వ కీర్తన తోడైనది. పల్లవివంటి ఒకే మాట 42:5లోను, 42:11లోను, 43:5లోను మూడుమారులు వచ్చుచున్నది. అందులో ఈయన తన ప్రాణముతోనే మాటలాడి, ఎందుకు కృంగియున్నావని దానిని మందలించి, దేవునియందు నిరీక్షణ యుంచుమని చెప్పుచున్నాడు. ఒకమారు చెప్పిన చాలలేదు. రెండవమారు చెప్పునప్పటికి బయట ఏమియు మారలేదు. మూడవమారు చెప్పునప్పటికిని మారలేదు. కీర్తన ముగియునప్పటికి ఆయన ఇంకను యెరూషలేము చేరలేదు. అయితే అపహాసకులకు మాత్రము ఒక్క మాటయైనను బదులు చెప్పలేదు. తన ప్రాణముతో మాటలాడెను, దేవునితో మాటలాడెను. వారివైపు తిరుగనే లేదు.

ఈ సంగతి ఒక రాజు చరిత్రలో కన్నులకు కట్టినట్లు కనబడును. హిజ్కియా దినములలో అష్షూరు రాజైన సన్హెరీబు యూదా పట్టణములను పట్టుకొని, లాకీషునుండి రబ్షాకేను యెరూషలేమునకు పంపెను. ఈ రబ్షాకే ఎగతాళిలో ప్రవీణుడు. రెండువేల గుఱ్ఱములు నేనిత్తును, వాటిమీద ఎక్కించుటకు మనుష్యులు మీకున్నారా యని అడిగెను. రాజుగారి మంత్రులు సిరియా భాషలో మాటలాడుమని బతిమాలగా, ప్రాకారముమీదనున్న సామాన్య జనులు వినవలెనని యూదుల భాషలోనే గట్టిగా కేకవేసెను. ఎగతాళి చేయువాని స్వభావము ఇదే. వానికి మనతో పనిలేదు, వినుచున్నవారితో పని. గట్టుమీద నిలిచి నవ్వినవాడును అటువంటివాడే.

జనులు రాజాజ్ఞచొప్పున ఊరకుండిరి. తరువాత అదే దూషణ ఉత్తరముగా వచ్చినప్పుడు హిజ్కియా ఏమి చేసెను? ఆ ఉత్తరమును చదివెను. చింపివేయలేదు. ప్రత్యుత్తరము వ్రాయలేదు. మందిరమునకు పోయి యెహోవా సన్నిధిని దానిని విప్పి పరచెను. రాజులు రెండవ గ్రంథము 19:14లో ఈ మాట చదివినప్పుడెల్ల నా కన్నులకు ఆ కాగితము నేలమీద పరచబడి కనబడును. (అది తోలో కాగితమో నేనెరుగను గాని, నాకు మాత్రము ఒకప్పుడు మన తాలూకా కచేరీనుండి వచ్చుచుండిన నోటీసువలెనే తోచును.) శత్రువు వ్రాసిన ప్రతి మాటయు, దేవుడు మిమ్మును విడిపింపలేడన్న మాటయు, మార్పులేకుండ దేవుని యెదుట నున్నది. ప్రార్థనలో మంచి మాటలే చెప్పవలెనని మనకు ఎవరు నేర్పిరి? అపహాసకుడు వ్రాసిన ఉత్తరమే ఆ దినమున హిజ్కియా ప్రార్థన పుస్తకమాయెను.

మరియొక సంగతి విడిచిపెట్టకూడదు. రబ్షాకే చెప్పినదంతయు అబద్ధము కాదు. ఐగుప్తును నమ్ముకొనుట నలిగిన రెల్లును ఊతకోలగా పట్టుకొనుటయే యని అతడనెను. ఐగుప్తుయొక్క సహాయము వ్యర్థమని యెషయా ప్రవక్తయు చెప్పెను! ఇతర దేశములను అష్షూరు రాజులు పాడుచేసిరని వాడు చెప్పగా, అది నిజమే యని హిజ్కియా తన ప్రార్థనలోనే ఒప్పుకొనెను (19:17). కాబట్టి నవ్వువాని మాటలో నిజము కొంత యున్నయెడల దానిని ఏరుకొనుట మనకు మేలు. సంఘపు ఎన్నికలలో తగవులాడి, ఆస్తులకొరకు న్యాయస్థానములకెక్కి, ఊరివారు నవ్వినప్పుడు దానిని హింస యని పిలుచుట తగదు. ఆ నవ్వు మనము కొని తెచ్చుకొన్నది.

బోరు విషయములోను ఇట్లే కొంత యున్నది. తార్నాక దాటి ఉప్పల్ బాటలో పోవునప్పుడు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ యున్నది. అది 1961లో ఏర్పడినది. భూగర్భ జలములను గూర్చిన పరిశోధనయు అచ్చట జరుగును. భూగర్భ శాస్త్రము చదివిన ఒక విశ్వాసిని నేను ఈ సంగతి అడిగితిని. ఆయన చెప్పినదేమనగా, మన తెలంగాణ నేల యడుగున చాలవరకు నల్లసేనపు రాయివంటి గట్టిరాయి యున్నది. వాననీరు పైనున్న మొరములోను, దాని క్రింద చీలిన రాతిలోను నిలుచును. లోతు పెరిగిన కొలది చీలికలు తగ్గును. కాబట్టి వంద అడుగులలో దొరకనిది నాలుగువందల అడుగులలో దొరకునని నమ్మకము లేదు. వానలు తక్కువై, చుట్టుపట్ల బోరులు ఎక్కువైనప్పుడు అందరికిని ఎండును. కొబ్బరికాయ పట్టినవానికిని ఈ రాయి ఒక్కటే, మోకాళ్లూనినవానికిని ఒక్కటే. ఆ యేడు అదే ఊరిలో కొబ్బరికాయ కొట్టి వేసిన బోరులును ఎండెనని అతని కుమారుడు చెప్పెను; వారి దేవుళ్లను ఎవరును నవ్వలేదు.

అయినను ఆ తండ్రి చెప్పిన మాట సంగతి మిగిలియున్నది. ప్రార్థించుట తప్పు కాదు. "మీరే చూతురు" అని పందెము కట్టినట్లు చెప్పుటలో తొందరపాటున్నది. దేవుడు ఇచ్చెదనని చెప్పనిదానిని ఆయన పేర వాగ్దానము చేయుటకు మనకు అధికారమెక్కడిది? దానియేలు గ్రంథము 3:17, 18 వచనములలో అగ్నిగుండము నెదుట నిలిచిన ముగ్గురు యౌవనులు మన దేవుడు సమర్థుడని చెప్పి, ఒకవేళ రక్షింపకపోయినను మేము మ్రొక్కమని కలిపి చెప్పిరి. ఆ "ఒకవేళ"ను మనము మన సాక్ష్యములలోనుండి తీసివేసితిమి. స్వస్థతకూటముల గోడపత్రికలలో అది ఎక్కడను కానరాదు. అందుచేత రోగము నయము కానప్పుడు, పైరు ఎండినప్పుడు, నవ్వుటకు ఊరివారికి మనమే తావిచ్చుచున్నాము. ఇది ఆ తండ్రిని నిందించుటకు చెప్పలేదు. కన్నబిడ్డలవంటి పైరు ఎండుచుండగా ఎవని నోట ఏ మాట వచ్చునో ఎవడెరుగును?

ఇక గోధుమపిండి మాట. మన యువకులను ఇది గాయపరచినట్లు మరేదియు గాయపరచదు. మీ పెద్దలు గంజికొరకు, పిండికొరకు, పాలపొడికొరకు మతము మారిరన్న నింద విని తల వంచుకొని పోవు పిల్లలను నేను విశ్వవిద్యాలయపు ఆవరణములో చూచుచునే యున్నాను. వారికి తమ పెద్దల చరిత్ర తెలియదు. అందుచేత ఆ రాత్రి నేను అతనికి చెప్పినది ఇక్కడ కొంత విరివిగా వ్రాయుచున్నాను.

1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమున గొప్ప కరువు వచ్చినది. ధాత కరువని మన పెద్దలు దానిని పిలిచిరి. అప్పుడు ఒంగోలులో జాన్ ఇ. క్లౌ అను అమెరికన్ బాప్టిస్టు మిషనరీ యుండెను. ఆయన 1866లో ఆ పట్టణమునకు వచ్చినవాడు. కరువు పనిగా ప్రభుత్వము బకింగ్‌హాం కాలువ త్రవ్వించుచుండగా ఆయన మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు చేసెను. బోధకులే మేస్త్రీలైరి. విశ్రాంతి వేళలలో మట్టి తట్టలు దించి కూర్చున్నవారికి సువార్త చెప్పిరి. వేలకొలది జనులు బాప్తిస్మము అడిగిరి. క్లౌగారు ఇయ్యలేదు. ఒక సంవత్సరమునకు పైగా ఎవరికిని ఇయ్యలేదు. ఎందుకనగా, అన్నముకొరకు చేరిరని లోకులందురని ఆయనకు ముందే తెలియును. ఈ ఎగతాళిని మన యువకులకంటె ముందుగా ఆయన తూచి చూచెను.

1878లో సహాయము పంచుట ఇక లేదని తెలిసిన తరువాతనే జనులు గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి దగ్గరకు గుంపులుగా వచ్చిరి. ఇచ్చుటకు నాయొద్ద ఏమియు లేదని ఆయన చెప్పగా, కాలువ త్రవ్వి కాయలు కాచిన తమ చేతులు చూపి, మేము పనిచేసి బ్రదికినవారము, మాకు ధనసహాయము వద్దు, మరల పంట పోయి చచ్చినను క్రైస్తవులమై చచ్చెదమను భావమున వారు బదులు చెప్పినట్లు ఆయన తన జ్ఞాపకములలో తెలిపియున్నాడు. 1878 జూలై 3వ తేదీన ఆ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో మిక్కిలి యెక్కువమంది మాదిగలు. ఊరి బావిలో చేద వేయుటకు వీలులేనివారు. తరతరములుగా వారికి నీళ్లు తోడుకొననీయని ఊళ్లు, వారు ఏటిలో దిగినప్పుడు దేనికొరకు దిగిరని అడుగుట నాకు వింతగా తోచుచున్నది.

ఆకలిచేత ఎవరును రాలేదని నేను చెప్పను. యోహాను సువార్త 6:26లో రొట్టెలు తిని తృప్తి పొందినందున నన్ను వెదకుచున్నారని ప్రభువే జనులతో చెప్పెను. అది తెలిసియే ముందు రొట్టెలు పెట్టెను. ఆకలి నేరము కాదు. ఆకలితో వచ్చినవాడు ఆకలి తీరిన తరువాత కూడ నిలిచెనా యన్నదే ప్రశ్న. ఆ 1878 నాటివారి మనుమలు, మునిమనుమలు నేటికిని ఒంగోలు పల్లెలలో ఆదివారమున గంట కొట్టుచున్నారు. గంజి ఎన్నడో అయిపోయినది.

మెదక్ సంగతి ఆ యౌవనస్థుడే నాకంటె బాగుగ ఎరుగును. వెస్లియన్ మిషనరీయైన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు 1914లో ఆరంభించిన మహాదేవాలయము పది సంవత్సరములు కట్టబడి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. 175 అడుగుల గోపురము. కరువు కాలమున ఆ కట్టడము పని చుట్టుప్రక్కల బీదలకు కూడైనదని ఆ జిల్లాలో చెప్పుకొందురు. దానినిబట్టియే నేటికిని గంజిగుడి యని ఎవరైన నవ్వినయెడల, అతడు ప్రతి దినము చూచు మరియొక కట్టడమును తలంచుకొనుమంటిని. ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల భవనమునకు 1934లో పునాదిరాయి పడినది, 1939లో నిజాము దానిని తెరచెను. గులాబి వన్నె రాయి. ఆ రాళ్లు కొట్టినవారును కూలికే కొట్టిరి, ఆ కూలితోనే గంజి కాచుకొనిరి. వారు గంజికొరకు నిజాము మతములో కలిసిరని ఎవరైన అనిరా? కూలి కూలియే. మందిరము కట్టిన చేతికి మాత్రము అది లంచమెట్లయ్యెను?

పిండి, పాలపొడి మాట కూడ చూడుడి. 1956లో మన ప్రభుత్వము అమెరికాతో ఒప్పందము చేసికొని గోధుమలు తెప్పించెను. ఆ గోధుమలు దేశమంతయు తినినది. హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు, దేవుడు లేడనువారును తినిరి. తినినవారిలో మనవారికి మాత్రమే ముద్ర పడినది.

ఇవన్నియు చెప్పి, "అయితే గదికి పోయి వారిమీద ఇవి విసరవద్దు" అని అతనితో అంటిని. ఈ చరిత్ర నీ తల ఎత్తుటకే గాని వారి తల దించుటకు కాదు. అడిగినవారికి సాత్వికముతో సమాధానము చెప్పుమని పేతురు మొదటి పత్రిక 3:15లో ఆజ్ఞ యున్నది. నిజముగా అడుగువాడు వేరు, నవ్వుటకు అడుగువాడు వేరు. అతనికి ఆ భేదము వెంటనే తెలిసినది. ఆ నలుగురిలో ఒకడు దీపము ఆర్పిన తరువాత మెల్లగా నిజమైన ప్రశ్నలు అడుగుచుండునట.

చివరకు మేము మత్తయి 27వ అధ్యాయమునకు వచ్చితిమి. సిలువక్రింద దారినపోవువారు తలలూచిరి, ప్రధానయాజకులు నవ్విరి, ప్రక్కనున్న దొంగలును అట్లే నిందించిరి. దేవునియందు విశ్వాసముంచెను గదా, దేవునికి ఇష్టమైతే ఇప్పుడు తప్పించుననిరి. అది 22వ కీర్తనలో అపహాసకులు పలికిన మాటయే. ప్రభువు వారికి ఏమియు చెప్పలేదు. దిగిరాలేదు. మూడు గంటల చీకటి తరువాత ఆయన పలికినది అదే 22వ కీర్తనలోని మొదటి మాట. తండ్రివైపు తిరిగి, నన్నెందుకు విడిచితివను ప్రశ్న. క్రిందనున్నవారు దేవుడు ఇతని విడిచెనని నవ్వుచుండగా, ఆయన ఆ మాటనే పైకి ఎత్తి, నా దేవా అని పిలిచి అడిగెను. దేవుని కుమారుని నోట వచ్చిన ప్రశ్న నీ నోట వచ్చినందున నీ విశ్వాసము పోయినదని ఎట్లు చెప్పగలవు?

అతడు చాలసేపు మాటలాడలేదు. మెదక్ దేవాలయములో సిలువ దృశ్యముగల రంగుటద్దపు కిటికీ యున్నది. అది 1958లో అమర్చబడినది. చిన్నతనమున తండ్రి భుజమెక్కి దానిని చూచితినని మాత్రము చెప్పెను. ఆ రాత్రి మేమిద్దరము ప్రార్థించినప్పుడు గట్టుమీద నవ్వినవాని మాటను, గదిలో నవ్వినవాని మాటను, ఉన్నవి ఉన్నట్లుగా, రాతిపిండి మాటతో సహా, దేవుని యెదుట చెప్పెను. నాకు కొంచెము బెరుకుగ నుండెను గాని ఆపలేదు. హిజ్కియా పరచిన ఉత్తరములోను దూషణమాటలకు కొదువలేదు గదా.

హిజ్కియాకు ఆ రాత్రియే విడుదల కలిగినది. అందరికిని అట్లు కలుగదు. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయములో సింహముల నోళ్లు మూసినవారి ప్రక్కనే, 36వ వచనములో, తిరస్కారములు అనుభవించినవారును లెక్కింపబడిరి. రెండు గుంపులకును ఒకే సాక్ష్యము.

ఆ కుటుంబపు సంగతి అడుగువారికొరకు వ్రాయుచున్నాను. ఆ బోరులో నీళ్లు రాలేదు. అప్పు తీరలేదు. కుమారుడు చదువు మానుటకు సిద్ధపడెను గాని తండ్రి ఒప్పుకొనలేదు. ఇప్పుడు సాయంకాలము ఒక దుకాణములో లెక్కలు వ్రాసి తన గది బాడుగ తానే కట్టుకొనుచున్నాడు. 2024 జూన్‌లో వానలు పడగానే తండ్రి వరి మాని మక్కజొన్న వేసెను. పసిబిడ్డలు పడకుండునట్లు ఎండిన బోరుకు ఇనుపమూత బిగించి, దానిమీద ఒక బండ పెట్టించెను. ఒక ఆదివారము ఆరాధనలో లేచి, దేవుడు చెప్పని మాట నేను ఆయన పేర చెప్పితిని, క్షమింపుడని సంఘమును అడిగెను. తెల్లవారుజామున పొలమునకు పోయినప్పుడు ఆ బండమీదనే కూర్చుండి ప్రార్థన చేయును. దారినపోవువారు ఇంకను, "ఏం పెద్దయ్యా, ఇంక రాలేదా?" అని అడుగుచుందురు. "ఇంకను రాలేదు బిడ్డా" అని చెప్పి ఆయన మరల కన్నులు మూసికొనును.

గృహకూటములలో ఈ పాఠము చదువునప్పుడు, కీర్తన 42:9ని 42:10 ప్రక్కన పెట్టి ఇద్దరు చెరియొకటి చదువుడి. తరువాత మీ ఊరిలో మీ విశ్వాసమును గూర్చి నవ్వి పలికిన మాట ఏదైన నున్నయెడల, పలికినవాని పేరు చెప్పక, ఆ మాటను మాత్రము కూటములో చెప్పుడి. అందులో నిజమెంతయో పెద్దలు కలిసి విచారించుడి. చిన్నపిల్లలు కూర్చున్నయెడల తాతలు ఏ సంవత్సరమున, ఏ కరువులో, ఎవరివలన ప్రభువును తెలిసికొనిరో వారికి చెప్పుడి; తెలియనియెడల సంఘపు పాత రిజిస్టరు చూడుడి. వచ్చే నెల పాఠమునకు కీర్తన 44 ముందుగా చదివియుంచుడి.